చేపల కోసం వదిలిన నీళ్లను కింద మళ్లీ తోడుకుంటే చేపలకేం మిగిలినట్టు?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. మీరు కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటారు, అలమీడా క్రీక్ గట్టు మీద నడకకి వెళ్తుంటారు. శాన్ ఫ్రాన్సిస్కో నీటి సంస్థ కాలవెరాస్ డ్యాం నుంచి స్టీల్‌హెడ్ చేపల కోసం నీళ్లు వదులుతోందనీ, అవే నీళ్లను కొన్ని మైళ్ల దిగువన సునోల్ దగ్గర పాత క్వారీ గుంతలోంచి పంపులతో వెనక్కి తోడుకునే ప్రాజెక్టు పెట్టుకుందనీ విన్నారు. "ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడమే కదా, పర్మిషన్ల కోసం ఆడే నాటకం కాదా?" అని అడిగారు. మన గోదావరిలో పులస కోసం ఇలాంటిదేమైనా కుదురుతుందా అన్నది రెండో ప్రశ్న.

నేను ఉద్యోగరీత్యా కాలిఫోర్నియాలో వాగులు, భూగర్భజలాల లెక్కలు చూస్తుంటాను. ఈ ప్రాజెక్టులో ఏ పక్షం తరఫునా పనిచెయ్యలేదు. నా అభిప్రాయంలో ఇది నాటకం కాదు. అలాగని మీ అనుమానాన్ని కొట్టిపారెయ్యడానికీ లేదు. 2017లో దాదాపు ఇదే అనుమానం మీద ప్రాజెక్టుకి బ్రేకు పడింది. ఎన్ని నీళ్లు తోడారన్న దానికంటే ఎక్కడ తోడారు, ఏ నెలలో తోడారు అన్నది చేపకి ముఖ్యం. ఆ సంగతి అర్థం కావాలంటే ముందు వాగు గురించి కొంచెం తెలియాలి.

శాన్ ఫ్రాన్సిస్కో బే దక్షిణ భాగంలో కలిసే వాగుల్లో అలమీడా క్రీక్ అన్నిటికంటే పెద్దది. పరీవాహక ప్రాంతం 600 చదరపు మైళ్ల పైమాటే. కొండల్లో పుట్టి, సునోల్ లోయలోకి దిగి, నైల్స్ కాన్యన్ గుండా ఫ్రీమాంట్‌కి వచ్చి, అక్కణ్నుంచి గట్లు కట్టిన వరద కాలువలో యూనియన్ సిటీ మీదుగా బేలోకి పోతుంది. కాలవెరాస్ డ్యాం దీని ఉపవాగు మీద ఉంది. పాత మట్టికట్ట 1925లో పూర్తయింది (1918లో, ఇంకా కడుతుండగానే ఎగువ వాలు ఒకసారి జారి కూలింది). పక్కనే కాలవెరాస్ ఫాల్ట్, అంటే భూకంపాలు పుట్టే పగులు. అందుకే 2001లో రాష్ట్ర డ్యాం భద్రతా విభాగం సుమారు 40 శాతానికి మించి నింపొద్దని ఆంక్ష పెట్టింది. కాస్త దిగువన కొత్త డ్యాం పని 2011లో మొదలై 2019కి ముగిసింది. నిండితే 96,850 ఎకరా-అడుగులు. మన భాషలో చెప్పాలంటే 4.2 టీఎంసీలు, గండిపేట కంటే కాస్త పెద్దది. ఇంత చిన్నదానికి అంత ఆరాటం ఎందుకంటే, శాన్ ఫ్రాన్సిస్కో వ్యవస్థకి 85 శాతం నీళ్లు దూరాన సియెరా కొండల్లోని హెచ్ హెచ్చీ నుంచి పైపుల్లో వస్తాయి. భూకంపం వచ్చి ఆ లైను తెగితే ఇలాంటి స్థానిక జలాశయాలే దిక్కు.

ఇక చేప. స్టీల్‌హెడ్, రెయిన్‌బో ట్రౌట్ రెండూ ఒకే జాతి. వాగులోనే ఉండిపోతే ట్రౌట్, సముద్రానికి వెళ్లి పెరిగి గుడ్లు పెట్టడానికి తిరిగొస్తే స్టీల్‌హెడ్. ఈ ప్రాంతపు స్టీల్‌హెడ్‌ని 1997లో ముప్పులో ఉన్న జాతిగా కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. శీతాకాలపు వానల్లో వాగు పొంగినప్పుడు పెద్ద చేపలు పైకి ఎక్కుతాయి. ఆడచేప ఒక పక్కకి ఒరిగి తోకతో గులకరాళ్లను కొట్టి కొట్టి గుంత చేసి, గుడ్లు పెట్టి, కొంచెం ఎగువన మళ్లీ తోకతో కొడుతుంది. లేచిన రాళ్లు ప్రవాహంలో కొట్టుకొచ్చి గుడ్ల మీద కప్పుకుంటాయి. ఆ రాళ్ల సందుల్లోంచి చల్లటి నీరు పారుతూ ఉంటేనే గుడ్లకి ఊపిరి. పిల్లలు ఒకటి రెండేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, అదే వాగులో పెరిగి ఏదో ఒక వసంతంలో సముద్రం దారి పడతాయి.

కాబట్టి దీనికి రెండు రకాల నీళ్లు కావాలి. పెరిగే చోట ఎండాకాలంలో కూడా చల్లగా, కొద్దిగానైనా ఆగకుండా పారే నీళ్లు. ప్రయాణించే దారిలో వానాకాలంలో, వసంతంలో ఒళ్లు మునిగే లోతు నీళ్లు. పెద్ద చేప దాటాలంటే ఏడెనిమిది అంగుళాలైనా ఉండాలి. మొదటి రకానికి క్యూసెక్కులు తక్కువ చాలు, రోజులు ఎక్కువ. రెండోదానికి క్యూసెక్కులు ఎక్కువ కావాలి, రోజులు తక్కువ. ఇక్కడి గొడవంతా ఈ రెండిటినీ ఒకే ఏడాది లెక్కలో కలిపేయడం వల్ల వచ్చింది.

కొత్త డ్యాంకి అనుమతి ఇస్తూ కేంద్రం తరఫున నేషనల్ మెరైన్ ఫిషరీస్ సర్వీస్ 2011లో నీటి షెడ్యూలు పెట్టింది. డ్యాం కింద వాగులోకి కాలాన్ని, ఆ ఏడాది వర్షాన్ని బట్టి 5 నుంచి 12 క్యూసెక్కులు వదలాలి. ఇది కాక, పైన అలమీడా క్రీక్ మీద ఒక మళ్లింపు కట్ట ఉంది. అక్కడి నుంచి సొరంగంలో కాలవెరాస్ జలాశయానికి నీళ్లు తీసుకెళ్తారు. అక్కడ వాగుకి వచ్చే నీటిలో మొదటి 30 క్యూసెక్కులు ముట్టుకోకూడదు, డిసెంబరు నుంచి మార్చి దాకా తప్ప మళ్లించకూడదు, గరిష్ఠ మళ్లింపు కూడా పాత 650 నుంచి 370 క్యూసెక్కులకి తగ్గించుకోవాలి, ఫిష్ ల్యాడర్ (చేపలు పైకి ఎక్కే మెట్లదారి) కట్టాలి, సొరంగం నోటి దగ్గర చేపలు లోపలికి పోకుండా జాలీ పెట్టాలి. సాగర్ గేట్ల లెక్కలు వినే మనకి 5 క్యూసెక్కులంటే నవ్వొస్తుంది. జూలై నెల్లో ఆ కొండ వాగులో అదే ప్రాణం. జలాశయం లోతుల్లోంచి వచ్చే చల్లటి నీళ్లు కాబట్టి మడుగులు వేడెక్కవు. పిల్ల ట్రౌట్‌కి ఎండాకాలంలో అసలు ముప్పు నీళ్లు తక్కువ కావడం కంటే నీళ్లు వేడెక్కడమే.

ఈ నీళ్లు ఎక్కడిదాకా పోతాయో చూడాలంటే వేసవి మొదట్లో కాలవెరాస్ రోడ్డు మీద సునోల్ వైపు వెళ్లండి. పైన కొండల మధ్య, లిటిల్ యోసెమిటీ దగ్గర, వాగు బండల మీద చప్పుడు చేస్తూ పారుతుంది. లోయలోకి దిగాక ఒక మడుగు, దాని తర్వాత గులకరాళ్ల మధ్య బొటనవేలంత ధార, ఆ తర్వాత తడి రాళ్లు, ఆ తర్వాత పొడి రాళ్లు. వాగు అక్కడితో అయిపోతుంది. నీళ్లు ఆవిరైపోలేదు, కింద గులకమేటలోకి దిగిపోయాయి. ఈ లోయ నేల తీరే అంత, డ్యాం రాకముందు కూడా ఎండాకాలంలో ఇక్కడ వాగు ఎండేది. అంటే చేపపిల్లలు వేసవి గడిపే ఇల్లు లోయకి ఎగువన ఉంది. ఈ గులకరాళ్ల మేర వాటికి దారి మాత్రమే, అదీ శీతాకాలం, వసంతాల్లోనే.

మీ మొదటి ప్రశ్నకి సగం జవాబు ఇదే. వదిలిన నీళ్లు ఎగువ ఇంట్లో చెయ్యాల్సిన పని చేసేసి, ఇంకిపోయాకే గుంతలోకి ఊరుతున్నాయి. వాటిని మళ్లీ వాడుకుంటే ఎగువన ఉన్న చేపకి ఏ నష్టమూ లేదు. ఈ లోయలో ఇంకిన నీళ్లు తోడుకోవడం కొత్తేమీ కాదు. 1900 ప్రాంతంలో స్ప్రింగ్ వ్యాలీ వాటర్ కంపెనీ ఇక్కడే గులకరాళ్ల కింద చిల్లుల సొరంగాలు వేసి ఊటనీళ్లు పట్టుకుని శాన్ ఫ్రాన్సిస్కోకి పంపింది. మన పెన్నా, చిత్రావతి ఇసుకలో ఊటబావులు వేస్తారే, అదే సూత్రం. ఆ రోజుల గుర్తుగా 1910లో కట్టిన సునోల్ వాటర్ టెంపుల్ ఇప్పటికీ ఉంది, వీలైతే చూడండి. ఆ కంపెనీని 1930లో నగరం కొనేసింది. చేపల కోసం డ్యాం నుంచి నీళ్లు వదిలి దిగువన తిరిగి పట్టుకోవాలన్న ఆలోచన కూడా 1997లో రాష్ట్ర చేపల శాఖతో చేసుకున్న ఒప్పందంలోనే ఉంది. అప్పట్లో ఏడాదికి 6,300 ఎకరా-అడుగుల దాకా అనుకున్నారు.

ఇప్పటి ప్రాజెక్టు సూటిగా చెప్పాలంటే ఇంతే. సునోల్ లోయలో కంకర తవ్వి వదిలేసిన గుంతల్లో ఎఫ్2 అనేది ఒకటి. అందులోకి చుట్టూ గులకమేటలోంచి నీళ్లు వాటంతటవే ఊరతాయి. నీళ్ల మీద తేలే పంట్ల మీద నాలుగు పంపులు పెట్టి, ఊరిన నీళ్లను తోడి, శుద్ధి కేంద్రానికో శాన్ ఆంటోనియో జలాశయానికో పంపుతారు. మట్టం పెరిగినా తగ్గినా పంటు దాంతో పాటు కదులుతుంది కాబట్టి పంపులకి ఇబ్బంది లేదు. వాగుకి అడ్డంగా ఏ కట్టా లేదు. అది పెద్ద ప్లస్ పాయింటు, ఎందుకంటే తిరిగి పట్టుకోవడానికి ఇంకో కట్ట కట్టి ఉంటే చేపకి ఇంకో అడ్డం తగిలేది. షెడ్యూలు వల్ల జలాశయంలో చేరకుండా పోయిన నీళ్ల మేరకే తోడాలి, అంతకు మించి కాదు. మొదటి నివేదికలో ఏడాది సగటు 7,000 ఎకరా-అడుగుల పైచిలుకు అని వేశారు. మన లెక్కలో 0.3 టీఎంసీ. 10 క్యూసెక్కులు ఏడాదంతా పారితే వచ్చే నీళ్లు దాదాపు అంతే.

మిగతా సగం దగ్గరే గొడవ. ఫ్రీమాంట్, నూవర్క్, యూనియన్ సిటీలకి నీళ్లిచ్చే అలమీడా కౌంటీ వాటర్ డిస్ట్రిక్ట్ దిగువన ఉంది. అంటే మీ కుళాయి వాళ్లదే. శాన్ ఫ్రాన్సిస్కో ప్లానింగ్ కమిషన్ 2017లో పర్యావరణ నివేదికని ఆమోదిస్తే ఆ డిస్ట్రిక్ట్ అప్పీలుకి వెళ్లింది. గుంతలో పంపింగుకి, వాగులో పైన పారే నీటికి మధ్య సంబంధాన్ని, స్టీల్‌హెడ్ మీద దాని ప్రభావాన్ని సరిగ్గా చూడలేదన్నది వాదన. శాన్ ఫ్రాన్సిస్కో నగర బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్ (మన నగర పాలక మండలి లాంటిది) ఒప్పుకుని ఆమోదాన్ని రద్దు చేసింది. సొంత నగరపు ప్రాజెక్టుని సొంత బోర్డే వెనక్కి పంపడం అరుదు. ఆ భాగాన్ని తిరగరాసి 2019 చివర్లో మళ్లీ ప్రజల ముందు పెట్టి, 2020లో ఆమోదం తెచ్చుకున్నారు.

డిస్ట్రిక్ట్ లేవనెత్తిన పాయింటు సాంకేతికంగా గట్టిది. వాగుకి, కింది నీటిమట్టానికి రెండు రకాల సంబంధం ఉంటుంది. కింది నీళ్లు వాగు అడుగుని తాకుతూ ఉన్నంతకాలం రెండూ అతుక్కుని ఉన్నట్టు. అప్పుడు పక్కనున్న గుంతలో ఒక అడుగు నీళ్లు తగ్గించినా వాగులోంచి ఇంకేది పెరుగుతుంది. కింది మట్టం బాగా పడిపోయి మధ్యలో పొడి పొర వచ్చిందనుకోండి, వాగు విడిపోయినట్టు. ఆ తర్వాత గుంతని ఇంకో పదడుగులు దించినా వాగు ఇంకే వేగం పెద్దగా మారదు, అప్పటికే ఇంకగలిగినంత ఇంకుతోంది. "పంపింగు వల్ల వాగుకి నష్టం లేదు" అన్న మాట రెండో పరిస్థితిలో నిజం, మొదటిదానిలో కాదు. ఎవరైనా ఆ మాట అంటే ఏ నెల గురించి, మట్టం ఎంత ఉన్నప్పుడు అని అడగండి.

ఇంకో మెలిక ఉంది, నా దృష్టిలో ఇదే ముఖ్యం. వేసవంతా తోడితే శీతాకాలం వచ్చేసరికి గులకమేట ఖాళీగా ఉంటుంది. కొత్త గోడకి క్యూరింగ్ పట్టేటప్పుడు మొదటి బకెట్టు నీళ్లు గోడే తాగేస్తుంది చూడండి, ఇదీ అంతే. మొదటి వాన నీళ్లు నురుగు, ఎండుటాకులు ముందుకు నెట్టుకుంటూ పొడి రాళ్ల మీదికి వస్తాయి, నడిచే మనిషి కంటే మెల్లగా జరుగుతాయి, ఆగిపోతాయి. మేట నిండాకే నీళ్లు లోయ దాటి నైల్స్ కాన్యన్ వైపు సాగుతాయి. మేట ఎంత ఖాళీగా ఉంటే చేపకి దారి అంత ఆలస్యంగా తెరుచుకుంటుంది. జోరుగా వానలు పడే ఏడాది ఈ ఆలస్యం లెక్కలోకి రాదు, ఒక్క తుఫాను చాలు మేట నింపడానికి. రెండు మూడు చిన్న వానలతో సరిపెట్టే ఏడాది మాత్రం, వచ్చిన ఆ కాస్త అవకాశమూ రాళ్ల పాలైపోవచ్చు. వసంతంలోనూ ఇదే ఇబ్బంది, తిరగేసి. ప్రవాహం తగ్గుముఖం పట్టే ఏప్రిల్, మే నెలల్లో పిల్లలు కిందికి దిగుతుంటాయి. అప్పుడు తోడడం మొదలెడితే దారి ముందే తెగి, కొన్ని మధ్య మడుగుల్లో ఇరుక్కుపోతాయి.

ఏడాది సగటు పట్టికలో ఇవేవీ కనిపించవు. పట్టికలో వదిలింది ఇంత, తోడింది ఇంత, తేడా సున్నా అని ఉంటుంది. చేపకి సగటు తెలియదు, ఆ వారం నీళ్లున్నాయా లేదా అన్నదే. అందుకే నన్నడిగితే ఈ ప్రాజెక్టుకి నీటి పరిమాణం మీద పెట్టే పరిమితి కంటే గుంతలో నీటిమట్టం మీద, నెలల మీద పెట్టే పరిమితి ఎక్కువ పనికొస్తుంది. వలస నెలల్లో గుంత మట్టం వాగు అడుగుకి దగ్గరగా ఉంచాలి. వలస పూర్తిగా అయిపోయాక, వాగు దానంతటది ఎండాక తోడుకోవాలి. వానలకి ముందు మేటలో కొంత నీళ్లు మిగల్చాలి. కరువు ఏడాదిలో నగరానికి నీళ్లు ఎక్కువ అవసరమైనప్పుడే ఈ నియమం కష్టంగా అనిపిస్తుంది, చేపకీ అప్పుడే ఎక్కువ అవసరం. ఆ ఏడాది ఎవరెంత వదులుకుంటారన్నది రాతపూర్వకంగా ఉందా లేదా అన్నదే అసలు పరీక్ష.

డిస్ట్రిక్ట్‌కి చేపల మీద ప్రేమే కాదు, సొంత లాభం కూడా ఉందని చెప్పకపోతే అన్యాయం. క్వారీ వాళ్లు గుంతల్లో ఊరిన నీళ్లను తోడి వాగులోకి వదిలేవారు. అవి దిగువకి వచ్చి ఫ్రీమాంట్ భూగర్భజలాలకి చేరేవి. గుంత నీళ్లు నగరం పట్టుకుపోతే అది తగ్గుతుంది. తప్పేం లేదు, ఎవరి నీళ్లు వాళ్లు చూసుకుంటారు. ఆ స్వార్థం వల్లే మంచి ప్రశ్న ఒకటి బయటికొచ్చింది.

దిగువన మీ గట్టు దగ్గర సంగతి. డ్యాం కింద ఎన్ని నీళ్లు వదిలినా, మొన్నమొన్నటి దాకా బే నుంచి చేప పైకి వచ్చే దారే లేదు. ఫ్రీమాంట్‌లో బార్ట్ రైలు వంతెన కాళ్లు కొట్టుకుపోకుండా 1970ల మొదట్లో వాగు అడుగున కాంక్రీటు వేశారు, బార్ట్ వియర్ అంటారు. దానికి తోడు వాటర్ డిస్ట్రిక్ట్ రబ్బరు డ్యాంలు. మన ఝంఝావతి మీద ఉన్నలాంటివే, గాలి నింపితే లేస్తాయి. వాటితో నీళ్లు ఆపి పక్కనున్న పాత క్వారీ గుంతల చెరువుల్లోకి (క్వారీ లేక్స్) మళ్లించి భూమిలోకి ఇంకిస్తారు. చేపలు వచ్చి ఆ కాంక్రీటు కింద గుమిగూడితే వాలంటీర్లు వలల్లో పట్టి చేతుల్తో పైకి మోసేవారు. 2006లో సునోల్, నైల్స్ పాత కట్టలు రెండూ తీసేశారు, 2009లో ఒక రబ్బరు డ్యాం తీసేశారు, 2022కి బార్ట్ వియర్ దగ్గర ఫిష్ ల్యాడర్ పూర్తయింది. సునోల్ లోయలో గ్యాస్ పైపులైను మీద కప్పిన కాంక్రీటు పలక ఒకటి మిగిలితే, పైపునే లోతుకి మార్చి దాన్ని తీసెయ్యడానికి చేపల సంరక్షణ సంస్థ కాల్‌ట్రౌట్, గ్యాస్-కరెంటు కంపెనీ పీజీ అండ్ ఈ కలిసి పూనుకున్నాయి. కాబట్టి సునోల్ లోయలో ప్రవాహం గురించిన చర్చకి ఇప్పుడు అర్థం ఉంది. దిగువన అడ్డం ఉన్నన్నాళ్లూ అది కాగితాల మీది చర్చే.

నీళ్లొక్కటే ఆవాసం కాదని కూడా గుర్తుంచుకోండి. డ్యాం నీళ్లతో పాటు గులకరాళ్లని కూడా ఆపేస్తుంది. కింద వాగు అడుగున చిన్న రాళ్లు కొట్టుకుపోయి పెద్ద బండలే మిగులుతాయి. అక్కడ ఆడచేప తోకతో ఎంత కొట్టినా గుంత పడదు. ఒడ్డున సికమోర్ చెట్ల నీడ పోతే చల్లగా వదిలిన నీళ్లు రెండు మైళ్లు పోయేసరికి వేడెక్కుతాయి. పాత క్వారీ గుంతల గోరువెచ్చటి నీళ్లలో బాస్ లాంటి వేటాడే చేపలు హాయిగా పెరుగుతాయి, వరదలో గట్టు దాటి వాగులో పడితే ట్రౌట్ పిల్లలు వాటికి మేత. పంపుల మీద జరిగిన రభసలో ఇవి కొంత మరుగున పడ్డాయనిపిస్తుంది.

ఇక పులస. సూటిగా చెప్పాలంటే ఈ పద్ధతి అక్కడ కుదరదు. పులసకి అసలు అడ్డం ధవళేశ్వరం బ్యారేజీ. సముద్రం నుంచి వచ్చిన చేప ఎగువకి పోకుండా అక్కడే ఆగుతుంది. బ్యారేజీ దిగువన గోదావరి పాయలుగా చీలి డెల్టా గుండా సముద్రంలో కలిసిపోతుంది. అక్కడ వదిలిన నీళ్లని తిరిగి పట్టుకోవడానికి మధ్యలో సునోల్ లాంటి గులకమేటా లేదు, పట్టుకోవాల్సిన అవసరమూ లేదు, ఎందుకంటే ఆ నీళ్లు ఉప్పుని వెనక్కి నెట్టే పనిలో ఉంటాయి. పులసకి కావాల్సింది ఎక్కగలిగే దారి, వరద నెలల్లో వేట మీద కొంత అదుపు. వదిలిన నీళ్లు దిగువ ఇసుకలోంచి తిరిగి తోడుకోవడం అన్న సూత్రం మన దగ్గర పనికొచ్చేది రాయలసీమ ఇసుక ఏర్లలో. అక్కడ కూడా ఇసుక మేట మిగిలి ఉంటేనే. ఇసుక తవ్వేసిన చోట నీళ్లు ఇంకడానికి చోటే ఉండదు.

మీరే చూసుకోవాలనుకుంటే యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే సంస్థ) సైట్‌లో ఈ వాగు మీద ప్రవాహం కొలిచే గేజీల రీడింగులు ఎప్పటికప్పుడు వస్తాయి. నైల్స్ దగ్గరి గేజీ 1891 నుంచీ నడుస్తోంది. కానీ దాన్ని చూసి సునోల్ లోయలో నీళ్లున్నాయని అనుకోవద్దు. లివర్‌మోర్ వైపు నుంచి వచ్చే అరోయో డి లా లగూనా అనే వాగు మధ్యలో కలుస్తుంది, నైల్స్‌లో కనిపించే నీళ్లలో చాలావరకు దానివి కావచ్చు. ఎగువన వెల్చ్ క్రీక్ దిగువ గేజీ చూడండి. తొలి పెద్ద వాన తర్వాత అక్కడ ప్రవాహం లేచిన రోజు ఒకటి రాసుకోండి. లోయ దిగువ చివర, అరోయో కలవకముందు, వాగులో నీళ్లు కనిపించిన రోజు ఇంకొకటి రాసుకోండి. నాలుగైదేళ్లు ఆ రెండిటి మధ్య తేడా పెరుగుతోందా తగ్గుతోందా చూసి, వాటర్ డిస్ట్రిక్ట్ బోర్డు మీటింగులో పబ్లిక్ కామెంట్ టైములో అడగండి. ఫ్రీమాంట్ వాసిగా ఆ మైకు ముందు నిలబడే హక్కు మీకుంది.